రాణుల చేవ్రాళ్లు



కొందరు తపాలా బిళ్లలు కూడబెట్టుదురు. కొందరు పాత నాణెములు, మరికొందరు అగ్గిపెట్టెల మీది బొమ్మలు కూడబెట్టుదురు. మేము కూడబెట్టునవి ఐరోపా రాజవంశముల స్త్రీల చేవ్రాళ్లు, లేఖలు, ఛాయాచిత్రములు. ఈ మాట విన్నవారు మొదట మా ముఖము వంక చూచి, తరువాత నవ్వుదురు. "సిద్దిపేటలో పుట్టి పెరిగినవారికి ఆ రాణులతో ఏమి చుట్టరికము?" అని మా వీధి పెద్దలొకరు కోమటి చెరువు కట్టమీద అందరి యెదుట అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము వెదకుటలోనే ఈ వ్యాసంగమునందలి మంచిచెడ్డలు మాకు తెలిసివచ్చినవి. నేడు మీకు మనవి చేయదలచినది ఆ సంగతులే.

చుట్టరికము బొత్తిగా లేకపోలేదు. నిజాము రాజ్యమునకు సొంత నాణెము ఉండెడిది. దానిని హాలీ సిక్కా అనిరి. ఇంగ్లీషువారి రూపాయిని మనవారు కల్దారు అనిరి. ఆ కల్దారు మీద విక్టోరియా రాణి ముఖము ఉండెడిది. మా నాయనమ్మ మెడలో అటువంటి రూపాయలకు కొక్కెములు వేయించి కూర్చిన దండ ఒకటి ఉండెడిది. ఆమెకు అక్షరము రాదు. ఆ ముఖము ఎవరిదో తెలియదు. "రాణీ బొమ్మ" అని మాత్రము అనెడిది. మేము పసితనమున ఆమె ఒడిలో కూర్చుండి ఆ బొమ్మలను వ్రేళ్లతో తడవి చూచెడివారము. కొన్నిటిమీద 'విక్టోరియా క్వీన్' అనియు, కొన్నిటిమీద 'విక్టోరియా ఎంప్రెస్' అనియు ఉండుట బడిలో ఇంగ్లీషు అక్షరములు నేర్చిన తరువాత కనిపెట్టితిమి. రాణి ఒక్కతెయే గదా, బిరుదులు రెండేల? 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీ దర్బారులో ఆమెను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిరి. నాటినుండి నాణెముమీది మాట మారినది. ఈ చిన్న సంగతి తెలిసిన దినముననే మాకు ఈ పిచ్చి పట్టినదని చెప్పవచ్చును. నాణెము తన వయస్సు తానే చెప్పుచున్నదే!

నాణెముమీది బొమ్మ టంకశాలలో పుట్టినది. అది లక్షల చేతులు మారును. కాని కాగితముమీది చేవ్రాలు ఆ మనిషి చేయి తగిలిన చోటు. అక్కడనే నాణెములు కూర్చువారికిని మాకును భేదము. విక్టోరియా మొదట తన పేరు ప్రక్కన 'ఆర్' అను ఒక్క అక్షరము వ్రాసెడిది. అది రాణి అను అర్థము గల రెజీనా అను లాటిన్ మాటకు పొట్టిరూపు. సామ్రాజ్ఞి అయిన తరువాత దాని ప్రక్కన 'ఐ' చేర్చినది. అది ఇంపెరాట్రిక్స్ అను మాటకు గుర్తు. 1861 డిసెంబరు 14న భర్త ఆల్బర్టు మరణించిన తరువాత ఆమె ఉత్తరముల కాగితములకు నల్లని అంచు వచ్చినది. తేదీ చినిగిపోయిన ఉత్తరమైనను, ఆ అంచును, ఆ 'ఐ'ని చూచి అది ఏ కాలపుదో కొంతవరకు ఊహింపవచ్చును. మా నాయనమ్మ దండలోని రూపాయి నేర్పిన పాఠమే ఇక్కడను పనికివచ్చినది.

ఇక ఛాయాచిత్రముల సంగతి. ఒకప్పుడు రాణి ముఖము చూడవలెనన్నచో చిత్రకారుడు వ్రాసిన పటమే దిక్కు. 1854లో పారిస్ నగరమున డిస్డేరీ అను ఛాయాగ్రాహకుడు ఒకే పలకమీద పలు చిన్న బొమ్మలు తీయు పద్ధతికి హక్కు పొందెను. బొమ్మ అరచేతిలో ఇమిడెడి అట్టముక్క యైనది, వెల తగ్గినది. 1860లో మేయాల్ అను ఆయన విక్టోరియా కుటుంబపు బొమ్మలను ఇట్లు అచ్చొత్తించి అంగట పెట్టగా జనము విరగబడి కొనిరి. ఇంటింటను ఆల్బములు పుట్టినవి. 1868లో వేల్స్ యువరాణి అలెగ్జాండ్రా తన పసికూతురును వీపున ఎక్కించుకొని నవ్వుచున్న చిత్రము ఒకటి వెలువడినది. అది సుమారు 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయినదని చెప్పుదురు. వజ్రములు పెట్టుకొని నిలుచున్న బొమ్మకు కాక, బిడ్డను మోయుచున్న బొమ్మకు అంత గిరాకీ కలుగుట గమనింపదగినది. జనము రాణిలో తల్లిని వెదకిరి.

ఈ వ్యాసంగము సామాన్యులకే పరిమితము కాదు. రాణులు సైతము సేకరించువారే. ఆస్ట్రియా సామ్రాజ్ఞి ఎలిజబెత్ 1862లో అందగత్తెల ఛాయాచిత్రముల ఆల్బము నొకదానిని కూర్చ నారంభించినది. ఆమెను ఇంటివారు సిసీ అని పిలిచెడివారు. వివిధ రాజధానులలోని ఆస్ట్రియా రాయబారులు తమ తమ చోట్లనుండి స్త్రీల చిత్రములు పంపవలసినదని కబురు పెట్టినది. ఇస్తాంబూలు నుండియు చిత్రములు కోరినది. అంతఃపురముల స్త్రీలు పరులకు కనబడని ఊరిలో ఆ రాయబారి ఎంత చిక్కుపడి యుండునో మనము ఊహించుకొనవచ్చును. అట్లు పరుల చిత్రములు కూర్చిన ఆమెయే ముప్పది యేండ్లు దాటిన తరువాత తన చిత్రము ఎవరిని తీయనీయలేదు. విసనకఱ్ఱనో గొడుగునో అడ్డము పెట్టుకొనెడిది. 1898 సెప్టెంబరు 10న జెనీవాలో ఒకడు ఆమెను పొడిచి చంపెను. ఆమె ముదిమి ముఖము ఎట్లుండునో చూపు ఛాయాచిత్రశాల బొమ్మ లోకమున లేదు.

మన హైదరాబాదు ఈ కథకు దూరముగా లేదు. రాజా దీన్ దయాళ్ పేరు మీరందరు వినియే యుందురు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన ఆయన 1892లో హైదరాబాదులో కేవలము స్త్రీల కొరకు ఒక జనానా స్టూడియో తెరచెను. ఘోషా స్త్రీల చిత్రములు తీయుటకు అక్కడ కెన్నీ లెవిక్ అను ఇంగ్లీషు దొరసానిని నియమించెను. పురుషుల కంట పడరాని ముఖము కాగితముమీద నిలుచుటకు మన నగరములో అట్లొక దారి యేర్పడినది.

ఇప్పుడు మా అవివేకమునుగూర్చి చెప్పవలెను. ఈ వ్యాసంగమునకు క్రొత్తగా దిగినవారెవరైన వినుచున్నచో వారికి ఇది ఉపయోగపడును.

చాలకాలము క్రిందట, నగరములో పాత వస్తువులు అమ్మువారొకరు మాకు విక్టోరియా రాణి ఛాయాచిత్రము నొకదానిని చూపిరి. ముసలితనపు బొమ్మ, తెల్లని మేలిముసుగు, చిన్న కిరీటము. క్రింద వాలుగా 'విక్టోరియా ఆర్ ఐ' అను చేవ్రాలు. మా గుండె దడదడ కొట్టుకొన్నది. బేరమాడుటకును నోరు రాలేదు. మా నెల జీతములో సగమునకు పైగా చెల్లించి, ఆ పటమును చంటిబిడ్డవలె ఒడిలో పెట్టుకొని బస్సులో సిద్దిపేటకు వచ్చితిమి. ఇంటివారు బియ్యపు ఖాతా సంగతి అడిగిరి. మేము పటము చూపితిమి. ఆ రాత్రి ఇంటిలో మాటలు లేవు.

పదునైదు దినముల తరువాత మా మిత్రుడొకరు, ముద్రణాలయములో పనిచేసినవారు, మా ఇంటికి వచ్చి భూతద్దము అడిగిరి. చేవ్రాలును కొంతసేపు చూచి, నెమ్మదిగా భూతద్దము మా చేతికిచ్చిరి. మేమును చూచితిమి. కలముతో గీచిన గీత అయినచో సిరా ఏకధారగా ఉండును. పాళీ నొక్కిన చోట అంచులు చిక్కపడును. దీపమునకు ఏటవాలుగా పట్టినప్పుడు సిరా మెరపు వేరుగా కనబడును. మా పటమున అదేమియు లేదు. ముఖము ఏ చుక్కలతో ఏర్పడినదో చేవ్రాలును ఆ చుక్కలతోనే ఏర్పడినది. రెండును ఒకేసారి అచ్చు యంత్రములోనుండి వచ్చినవి. ఆ చిత్రము 1893లో డౌనీ అను వారు తీసినది. 1897 వజ్రోత్సవమునకు దానినే అధికార చిత్రముగా ఎంచి, ఎవరైనను అచ్చువేసికొనవచ్చునని హక్కులు లేకుండ విడిచిరి. అందుచేత అది లెక్కకు మించి అచ్చుపడినది. ఈ సంగతి పుస్తకములలో ఉన్నదే. చదివి యుండి కొన్నచో మోసపోయెడివారము కాము. అమ్మినవారికి తెలిసి అమ్మిరో తెలియక అమ్మిరో. తప్పు మా తొందరది.

నాటినుండి మేము నియమములు కొన్ని ఏర్పరచుకొంటిమి. రాజకుటుంబపు చేవ్రాళ్లు నాలుగు తరగతులు. స్వయముగా చేసినది మొదటిది. కార్యదర్శి చేసినది రెండవది. రబ్బరు ముద్రయో అచ్చో మూడవది. యంత్రపుచేయి కలము పట్టి గీచినది నాలుగవది. ఈ నాలుగవదానిని కనిపెట్టుటకు ఒక ఉపాయము కలదు. ఏ మనిషియు రెండుసార్లు సరిగా ఒకే విధముగా పేరు వ్రాయలేడు. రెండు చేవ్రాళ్లను ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురునకు పట్టినప్పుడు వెండ్రుకవాసి తేడా లేకున్నచో అది యంత్రము పని. మనిషి చేతికి వణుకు, తొందర, అలసట ఉండును. ఆ లోపమే దానికి సాక్ష్యము.

చేవ్రాలుకంటె లేఖ గొప్పది. చేవ్రాలు మనిషి ఎవరో చెప్పును. లేఖ ఆమె ఏమనుకొన్నదో చెప్పును. అందుచేతనే రాజగృహములలో లేఖలకు భయపడినంతగా కత్తులకు భయపడలేదు. విక్టోరియా రాణి పెద్దకూతురు విక్కీ 1858లో ప్రష్యా యువరాజును పెండ్లాడి వెళ్లినది. తల్లీకూతుళ్లు నలువది యేండ్లకు పైగా వేల ఉత్తరములు వ్రాసికొనిరి. భర్త 1888లో జర్మనీ చక్రవర్తియై 99 దినములకే మరణించెను. కుమారుడు విల్హెల్ముతో ఆమెకు పొసగలేదు. 1901లో పుండు వ్యాధితో మంచము పట్టి, తన ఉత్తరములు కుమారుని చేత పడునని భయపడి, తమ్ముడు ఏడవ ఎడ్వర్డు వెంట చూడవచ్చిన ఫ్రెడరిక్ పాన్సన్‌బీ అను కార్యదర్శిని ప్రార్థించినది. నడిరేయి పెట్టెలు ఆయన గదికి చేరినవి. వానిమీద ఆయన, ఒకదానికి పుస్తకములనియు మరియొకదానికి పింగాణి సామానులనియు పేరు వ్రాసి, కాపలావారి కన్నులముందే ఇంగ్లండునకు తరలించెను. ఆమె ఆ యేడు ఆగస్టు 5న కన్నుమూసినది. 1928లో ఆ లేఖలు పుస్తకముగా వెలువడినవి. మాజీ చక్రవర్తి అడ్డుకొన జూచెను గాని సాగలేదు.

అన్ని లేఖలకును ఆ అదృష్టము పట్టలేదు. విక్టోరియా 1832 మొదలు దినచర్య వ్రాసినది. ఆమె మరణానంతరము చిన్నకూతురు బియాట్రిస్ దానిని, తగదని తోచిన భాగములు విడిచి, తన చేతితో తిరిగి వ్రాసి, అసలు పుస్తకములను తగులబెట్టినది. రాణికి 1887 నుండి హిందుస్తానీ నేర్పిన మున్షీ అబ్దుల్ కరీమునకు ఆమె వ్రాసిన ఉత్తరములను, ఆమె పోయిన వెంటనే, కొత్త రాజు ఆజ్ఞపై నిప్పులో వేసిరి. ఆమె హిందుస్తానీ అభ్యాసపు పుస్తకములు 13 మాత్రము మిగిలినవి. ఏబది యేండ్లు రాజ్యమేలిన వృద్ధురాలు బడిపిల్లవలె అలిఫ్, బే దిద్దిన ఆ పుటలు మాకు కిరీటముకంటె ఎక్కువ ఆశ్చర్యము గొలుపును. చదువునకు వయస్సు లేదని మన పెద్దలు చెప్పుమాట అక్కడ ఒక సామ్రాజ్ఞి చేతివ్రాతలో కనబడుచున్నది.

విక్టోరియా తన చివరి యేండ్లలో వసంతకాలము గడుపుటకు ఫ్రాన్సు దక్షిణతీరమున నీస్ పట్టణమునకు పోయెడిది. ఆ నీస్ నుండియే మన నగరమునకు ఇరువురు రాకుమార్తెలు వచ్చిరి. 1924 మార్చిలో తుర్కీలో ఖలీఫా పదవి రద్దయినది. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుటుంబముతో దేశము విడిచి, నీస్‌లో కాపురము పెట్టెను. ఏడవ నిజాము ఆయనకు నెలకు 300 పౌనుల భత్యము పంపెను. ఖలీఫా కుమార్తె దుర్రు షెహ్వార్ దేశము వీడునాటికి పదేండ్ల పిల్ల. 1931 నవంబరు 12న నీస్‌లోనే ఆమెకు నిజాము పెద్దకుమారుడు ఆజం జాతోను, ఆమె బంధువు నీలోఫర్‌కు రెండవకుమారుడు మొఅజ్జం జాతోను వివాహములు జరిగినవి. ఒకరికి పదునేడు, ఒకరికి పదునైదు ఏండ్లు.

వారి ఛాయాచిత్రములు హైదరాబాదులో ఎన్నెన్ని ఇండ్లలో వ్రేలాడినవో! జనానా స్టూడియో పెట్టిన నలువది యేండ్లకే, నిజాము కోడండ్ల ముఖములు పత్రికలలో బహిరంగముగా అచ్చుపడినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ప్రసిద్ధ ఇంగ్లీషు ఛాయాగ్రాహకుడు సెసిల్ బీటన్ దుర్రు షెహ్వార్ చిత్రములు తీసెను. నిడుపాటి విగ్రహము, తుర్కీ ముఖము, హైదరాబాదీ చీర. ఆ చిత్రము చూచినవారు కన్ను త్రిప్పుకొనజాలరు. కాని మేము మరియొక సంగతి చెప్పుదుము. 1949లో నీలోఫర్ దాసి రఫత్ ప్రసవవేదనలో సరియైన వైద్యము లేక మరణించినది. బిడ్డలు లేని ఆ రాకుమారి హృదయము కదలి ఆసుపత్రికై పూనుకొన్నది. 1953లో అది వెలసినది. నేటికిని మా సిద్దిపేట వీధులనుండి జబ్బుపడిన పసిబిడ్డను ఎత్తుకొని నీలోఫర్‌కు పోని వీధి లేదు. ఆసుపత్రి చీటిమీద అచ్చుపడిన ఆ పేరు చూచి, అది ఒక రాకుమారి పేరని తలచువారు ఎందరు? ఆమె 1989లో పారిస్‌లో మరణించినది. దుర్రు షెహ్వార్ 2006లో లండనులో మరణించినది. రాజ్యములు పోయినవి. పురానీ హవేలీలో దుర్రు షెహ్వార్ పేరను, రెడ్ హిల్స్‌లో నీలోఫర్ పేరను పిల్లల ఆసుపత్రులు నిలిచినవి.

ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్ 1947లో పెండ్లాడినప్పుడు మన నిజాము వజ్రాల హారమును, శిరోభూషణమును కానుకగా ఇచ్చెను. 1983 నవంబరులో ఆమె హైదరాబాదు వచ్చినది. తన వివాహ వార్షికదినమున బొల్లారములోని హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థన చేసినది. అప్పటి మా మెదకు జిల్లాలోని పటాన్‌చెరువు వద్ద మెట్టపంటల పరిశోధన కేంద్రమును దర్శించినది. జొన్నచేల నడుమకు వచ్చిన రాణి చేవ్రాలు దొరకునా అని అడుగువారున్నారు. ఆమెకు అపరిచితులకు చేవ్రాళ్లు పెట్టు ఆచారము ఉండలేదు. ఉత్తరము వ్రాసినవారికి అంతఃపురపు గౌరవస్త్రీలలో ఒకరు జవాబు వ్రాసి, తమ పేరే సంతకము చేసెడివారు. మాకు వచ్చిన జవాబును అట్టిదే. మొదట నిరాశపడితిమి. తరువాత ఆలోచించితిమి. అందు మోసము లేదు. వ్రాసినవారి పేరు వ్రాసినవారే పెట్టిరి. అచ్చుపడిన రాణి చేవ్రాలుకంటె ఆ చెలికత్తె చేవ్రాలు మేలైనదని మా నమ్మకము.

ఇక కాగితములు కాపాడు విధము చెప్పి ముగింతుము. ఇది రాణుల ఉత్తరములకే కాదు, మీ ఇంటి దస్తావేజులకును పనికివచ్చును. పాత కాగితమునకు ప్లాస్టిక్ పూత వేయించరాదు. వేడికి సిరా చెడును, పూత తిరిగి ఊడిరాదు. అంటు టేపు తగిలించరాదు. కొన్నేండ్లకు దాని జిగురు పచ్చబడి కాగితములోనికి ఇంకును. గోడకు ఎండ తగులు చోట వ్రేలాడదీసినచో సిరా వెలిసిపోవును. వానకాలమున చెమ్మ, ఎండకాలమున చెదలు. ఈ రెండింటికి దూరముగా, నేలకు తగులని అలమారలో, ఆమ్లము లేని కాగితపు మడతలో ఉంచవలెను. ఆరు మాసములకొకసారి తీసి చూడవలెను. అన్నిటికంటె ముఖ్యము, అది ఎవరిది, ఎవరి నుండి, ఏనాడు వచ్చినది అను వివరమును వేరొక చీటిపై పెన్సిలుతో వ్రాసి జతపరచవలెను. కథ లేని కాగితము తల్లిపేరు తెలియని బిడ్డవంటిది. మరియొక మాట. 75 ఏండ్లు దాటి చారిత్రక విలువ గల వ్రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టము క్రిందికి వచ్చును. అట్టివానిని విదేశములకు అమ్మిపంపుట నేరము.

ఇంత జాగ్రత్త చెప్పు మేము ఒక కాగితమును కాపాడలేకపోతిమి. అది చెప్పక మానినచో ఈ ప్రసంగము అబద్ధమగును.

మా నాయనమ్మ భూమి కాగితములమీద వేలిముద్ర వేసినది. నీలి నిశాని, దాని ప్రక్కన పట్వారి వ్రాసిన ఆమె పేరు. ఆమెకు చేవ్రాలు లేదు. మా తల్లియు చాలకాలము వేలిముద్రయే వేసినది. ఏబది యేండ్లు దాటిన తరువాత రాత్రిబడిలో అక్షరములు దిద్దినది. మేము పొరుగూరిలో ఉద్యోగము చేయుచుండగా ఆమె మాకొక కార్డు వ్రాసినది. తన జన్మలో వ్రాసిన ఉత్తరము అదొక్కటే. నాలుగు పంక్తులు. వానలు పడినవనియు, బఱ్ఱె ఈనినదనియు, వేళకు తినుమనియు, రమ్మనియు. క్రింద తన పేరు. చివరి అక్షరమునకు చోటు చాలక క్రింది పంక్తిలో పెట్టినది. మేము చదివి నవ్వుకొని, ఆ సెలవులకు ఇంటికి తెచ్చి, అటకమీది గంపలో పాత కాగితములతో పడవేసితిమి. అచ్చు విక్టోరియా పటమునకు మాత్రము ఇనుప అలమారలో చోటిచ్చితిమి.

తల్లి పోయిన తరువాత ఆ కార్డుకొరకు వెదకితిమి. గంపలో చెదపుట్ట యున్నది. మట్టి దులిపినప్పుడు తపాలా ముద్ర ఉన్న మూల ముక్క ఒక్కటి చేతికి వచ్చినది. అక్షరము ఒక్కటియు మిగులలేదు.

కోమటి చెరువు కట్టమీద అడిగిన ప్రశ్నకు మా సమాధానము ఇప్పుడు ఇది. ఆ రాణులతో మాకు చుట్టరికము లేదు. కాని వారి కాగితములు చూచి చూచి, చేతివ్రాత యన నేమో తెలిసికొంటిమి. విక్కీ తన ఉత్తరములకై ఎందుకంత తల్లడిల్లినదో తెలిసికొంటిమి. తెలియుసరికి మా ఇంటి ఉత్తరము పోయినది. ఇప్పుడు మా ఆల్బము తెరచినవారికి మొదటి పుటలో రాణి కనబడదు. నాయనమ్మ వేలిముద్ర ఉన్న కాగితపు నకలు, దాని క్రింద ఆ తపాలా ముద్ర ముక్క కనబడును. జతగా ఒక చీటిపై పెన్సిలుతో తల్లి పేరు, కార్డులోని నాలుగు మాటలు, మాకు గుర్తున్నంతవరకు, వ్రాసి పెట్టితిమి. వారి తరువాతనే విక్టోరియా. మోసపోయిన ఆ పటమును కూడ ఉంచితిమి. దాని వెనుక "ఇది అచ్చు" అని వ్రాసి.

శ్రోతలారా, మీ ఇండ్లలోను ట్రంకుపెట్టెలు, అటకలు ఉండును. అందు మీ అమ్మమ్మదో, అత్తగారిదో, పెండ్లియై వెళ్లిన అక్కదో ఒక ఉత్తరము ఉండవచ్చును. అది వారి చేతివ్రాతయే. అచ్చు కాదు. ఈ రాత్రి వీలు లేకున్న రేపు పగటివేళ తీసి చూడుడు. చెదలు చూడకముందే చూడుడు.